కాచిన నీళ్లే కదా అని...

"కాచి చల్లార్చే తాగుతున్నామండీ, ఇంకేం భయం?" అంది మా వీధిలో కొత్తగా బోరు వేయించుకున్న ఇల్లాలు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాస్తే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ మాత్రం ఎక్కడికీ పోదు. నీళ్లు మరిగి తగ్గేకొద్దీ ఇంకాస్త చిక్కనవుతుంది!

రాళ్లలోంచి భూగర్భజలంలోకి దిగే ఈ ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగితే పిల్లల పళ్లు గారపడతాయి. మోతాదు బాగా ఎక్కువై ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంగిపోతాయి. నల్గొండ పల్లెల్లో ఆ నడుముల్ని చూశాం కదా.

దీనికి విరుగుడు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' 1970లలోనే చెప్పింది. పటిక, సున్నం కలిపి, బాగా తిప్పి, తేరాక పైనీళ్లు వంపుకోవడం. బకెట్‌లోనూ చేసుకోవచ్చు. టాంజానియాలో కూడా దాన్ని 'నల్గొండ పద్ధతి' అనే అంటారు. అయితే పటిక ఉజ్జాయింపుగా వేసేది కాదు, నీటిని పరీక్షించి వేయాలి. మరి రోజూ కొలిచి, తిప్పి, మడ్డి పారబోసేదెవరు? శాస్త్రజ్ఞులు పటిక లెక్క చెప్పారు గానీ ఇల్లాలి గంటల లెక్క ఎవరూ వేయలేదు. అందుకే ఫ్లోరైడ్ లేని నీళ్లు కుళాయిలో రావాలని అడగడమే న్యాయం.

అంతవరకూ? ఆవిడ చేత ఓ సీసా నింపించాను. సోమవారం ఇద్దరం తాగునీటి పరీక్షాకేంద్రానికి వెళ్తున్నాం.