గ్నూ సీ లైబ్రరీ మాన్యువల్ నిర్వాహకులకు



2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే, 32 బిట్ల టైమ్_టీ వెనక్కి 1901కి దొర్లుతుంది. దీనికి మందు మీరు 2021లో విడుదల చేసిన 2.34 వెర్షన్ నుంచే ఉంది: _టైమ్_బిట్స్=64. ఫీచర్ టెస్ట్ మాక్రోల భాగంలో దాని గురించి రాశారు కూడా. అయితే టైమ్ గురించి తెలుసుకోవాలనుకున్నవాళ్ళు ముందు తెరిచేది తేదీలు, సమయాల అధ్యాయం. ఆ మాట అక్కడ, మొదటి పేజీలోనే, పెద్దగా కనిపించాలి.

దాంతోపాటు _ఫైల్_ఆఫ్‌సెట్_బిట్స్=64 కూడా ఇవ్వాలనీ, లేకపోతే కంపైలేషన్ ఆగిపోతుందనీ చెప్పండి. ఆగిపోవడం నయమే, తప్పు వెంటనే దొరుకుతుంది. హెడర్లన్నిటికంటే ముందే డిఫైన్ చేయాలి కాబట్టి, ఒక్కో ఫైల్లో రాయడం కన్నా కంపైలర్ ఆదేశంలో ఇవ్వడం మేలని కూడా రాయండి.

అసలు భయం వేరే ఉంది. ప్రోగ్రాం 64 బిట్ల టైమ్_టీతో, అది వాడే లైబ్రరీ 32 బిట్ల టైమ్_టీతో తయారైతే, రెండింటి మధ్య తిరిగే స్ట్రక్చర్ల కొలతలు కలవవు. కంపైలర్ నోరు మెదపదు, లింకర్ అడ్డుచెప్పదు. డేటా మాత్రం పాడవుతుంది. డెబియన్ తన 32 బిట్ ఆర్మ్ పోర్టులను 64 బిట్ల టైమ్_టీకి మార్చేటప్పుడు ఎన్నో లైబ్రరీ ప్యాకేజీల పేర్లకు టీ64 తగిలించాల్సి వచ్చింది ఇందుకే. ఈ ప్రమాదాన్ని చూపే పది లైన్ల ఉదాహరణ ఒక్కటి చేర్చండి. స్టాటిక్ అసర్ట్‌తో టైమ్_టీ సైజు 8 బైట్లేనని సరిచూసే లైను కూడా అందులో ఉండాలి.

ఇట్లు,
ఒక సీ ప్రోగ్రామర్