నడిసముద్రంలో ఉద్యోగం

నెల్లూరు జిల్లా నుంచి ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. కొడుకు డిప్లొమా ప్యాసయ్యాడట. వెల్డింగులో మంచి చెయ్యి. సముద్రంలో చమురు తీసేచోట పనిచేసే బార్జి మీద ఉద్యోగం దొరికింది. జీతం ఒడ్డున వచ్చేదానికి మూడింతలు. తండ్రి సరేనన్నారు. నాయనమ్మ మంచి రోజు చూడమంది. పిల్లవాడు అప్పుడే పెట్టె సర్దుకుంటున్నాడు. ఈవిడకు మాత్రం కంటిమీద కునుకు లేదు. “అంత పెద్ద ఇనుప ఓడ గాలికి తిరగబడుతుందా అని అడిగితే మావాడు నవ్వుతున్నాడు. 1989లో కావలి మీద విరుచుకుపడిన తుఫాను నాటికి నాకు తొమ్మిదేళ్ళు. ఇంటి కప్పు లేచిపోవడం కళ్ళారా చూశాను. అందుకే భయం. నాది చాదస్తమేనంటారా?” అని అడిగారు.

చాదస్తం కాదమ్మా. పైగా మీరు చూసిన ఆ తుఫానుకే, మీ ప్రశ్నకూ, మీకు తెలియని సంబంధం ఒకటి ఉంది.

ఆ గాలి మన బంగాళాఖాతంలో పుట్టింది కాదు. థాయిలాండు సింధుశాఖలో నవంబరు మొదటి తేదీల్లో పుట్టింది. దానికి ‘గే’ అని పేరు పెట్టారు. ఒళ్ళు చిన్నది, కోపం పెద్దది. రెండు మూడు రోజుల్లోనే భయంకరమైన బలం పుంజుకొంది. అక్కడ సముద్రంలో గ్యాసు కోసం తవ్వే ‘సీక్రెస్ట్’ అనే ఓడ లంగరు వేసుకొని ఉంది. ఓడ మీద 97 మంది. నవంబరు 3న తుఫాను దాని మీదుగా నడిచింది. అలలు నలభై అడుగుల ఎత్తున లేచాయి. ఓడ నుంచి ఆపదలో ఉన్నామన్న కబురైనా రాలేదు. వెదకబోయిన హెలికాప్టరుకు అది బోర్లాపడి తేలుతూ కనిపించింది. 91 మంది పోయారు, ఆరుగురు మిగిలారు. మరునాడు ఆ తుఫాను మలయా ద్వీపకల్పం దాటి మన సముద్రంలోకి దిగి, మళ్ళీ బలిసి, నవంబరు 8 రాత్రి కావలి దగ్గర తీరం ఎక్కింది. మీ ఇంటి కప్పు లేపిన గాలీ, ఆ ఓడను తిరగేసిన గాలీ ఒకటే.

మరి ఇనుప ఓడ ఎలా తిరగబడుతుంది? దీనికి ఇంజనీరు కానక్కర్లేదు, వంటింట్లోకి వెడితే చాలు. నెత్తిన ఒక్క బిందె పెట్టుకొని నడిచే మనిషికీ, మూడు బిందెలు ఒకదాని మీద ఒకటి పేర్చుకొని నడిచే మనిషికీ తేడా చూడండి. బరువు పైకి వెళ్ళేకొద్దీ చిన్న తూలుడే పెద్దదౌతుంది. తవ్వే ఓడ మధ్యలో ఇనుప గోపురం ఉంటుంది. తవ్వకపు గొట్టాలను అందులో నిలువునా ఆనించి పెడతారు. సీక్రెస్ట్ గోపురంలో ఆనాడు వేల అడుగుల గొట్టం నిలబెట్టి ఉందట. పైన అంత బరువు పెట్టుకొని పెనుగాలికి ఎదురు నిలవడమంటే మాటలా!

ఇంకొకటి ఉంది, ఇది చాలామందికి తోచదు. తపేలా నిండా నీళ్ళు పోసి మూతపెట్టి ఎత్తండి, కిమ్మనదు. సగం నీళ్ళు పోసి ఎత్తండి. మీరు ఎటు ఒరిగితే నీళ్ళు అటే పరుగెత్తి తపేలాను ఇంకా అటే లాగుతాయి. ఓడ ఒరిగినపుడు సరిగ్గా మూయని తలుపు నుంచో, కిటికీ నుంచో లోపలికి వచ్చిన నీరు చేసే పని ఇదే. 1982 ఫిబ్రవరిలో కెనడా తీరాన ‘ఓషన్ రేంజర్’ అనే పెద్ద తవ్వకపు వేదికను తుఫాను ముంచింది. ఉన్న 84 మందిలో ఒక్కరూ దక్కలేదు. దాని కథ ఎక్కడ మొదలయిందనుకున్నారు? ఒక అల గుండ్రటి కిటికీ అద్దాన్ని పగులగొట్టింది. ఆ గదిలోనే వేదికను సమతూకంలో ఉంచే మీటల బల్ల ఉంది. అది తడిసింది. అక్కడి నుంచి ఒకదాని వెనుక ఒకటి.

ప్రయాణీకుల ఓడ, సరుకుల ఓడ ప్రయాణం కోసం కట్టినవి. పనిపడవలు పని కోసం కట్టినవి. ఒకదాని మీద క్రేను, ఒకదాని మీద నాలుగంతస్తుల పడక గదులు, ఇంకొక దానికి పొడుగాటి కాళ్ళు! ఈ కాళ్ళ పడవ సంగతి వింటే మీకు వింతగా ఉంటుంది. చమురు వేదిక దగ్గరకు వెళ్ళగానే మూడు కాళ్ళనూ సముద్రపు అడుగుకు దించి, మంచంలాగా నీళ్ళకు పైన నిలబడుతుంది. దారిలో మాత్రం ఆ కాళ్ళను ఆకాశంలోకి ఎత్తుకొని పోవాలి. అమెరికాలో లూసియానా తీరం నుంచి 2021 ఏప్రిల్ 13 మధ్యాహ్నం ‘సీకోర్ పవర్’ అనే పడవ అలాగే బయలుదేరింది. కాళ్ళ పొడవు రెండువందల అడుగుల పైమాటే. మనిషికి పేరు పెట్టినట్టు పేరు పెట్టి, రోజుల తరబడి రేడియోలో చెప్పే తుఫాను కాదు అక్కడ వచ్చింది. ఉరుములతో లేచిన ఈదురుగాలి. గంటకు వంద కిలోమీటర్లు దాటిన విసురు. ఆ ప్రాంతపు ఓడలకు వాతావరణ హెచ్చరిక పంపే కేంద్రం సరిగ్గా ఆ రోజున పనిచెయ్యడం లేదు. కాళ్ళు దించి నిలదొక్కుకుందామని మొదలుపెట్టారు, అంతలోనే పడవ పక్కకు పడిపోయింది. ఒడ్డుకు పది మైళ్ళయినా లేదు! ఉన్న 19 మందిలో ఆరుగురినే కాపాడగలిగారు. ఏడుగురి దేహాలు దొరకనేలేదు.

మన దేశంలో జరిగింది వేరు. అక్కడ గాలి చెప్పకుండా వచ్చింది, ఇక్కడ చెప్పే వచ్చింది. 2021 మే నెలలో అరేబియా సముద్రంలో ‘తౌక్తే’ తుఫాను లేచింది. వాతావరణ శాఖ రోజుల ముందే హెచ్చరించింది. జాలరులను వేటకు పోవద్దన్నారు. బొంబాయికి ఎదురుగా చమురు బావుల దగ్గర ‘పి-305’ అనే బార్జి మీద 261 మంది ఉన్నారు. పనివాళ్ళు పడుకొనే బార్జి అది. దానికి సొంత ఇంజను లేదు. మరొక పడవ వచ్చి లాగితేనే కదులుతుంది. అది రేవుకు తిరిగి రాలేదు. వేదికకు కాస్త ఎడంగా జరిగి లంగరుల మీదే ఉండిపోయింది. మే 17న లంగరులు తెగాయి. కొట్టుకుపోయి ఒక వేదికకు గుద్దుకొంది, చిల్లు పడింది, సాయంకాలానికి మునిగింది. ఆ చీకట్లో, ఆ అలల్లో, మన నౌకాదళం వాళ్ళు 186 మందిని ఏరి తెచ్చారంటే చేతులెత్తి నమస్కరించాలి. అదే తుఫానులో ‘వరప్రద’ అనే టగ్గు మునిగింది. అందులో 13 మంది ఉంటే ఇద్దరే బ్రతికారు. రెండూ కలిపి ఎనభై మందికి పైగా పోయారు. రబ్బరు తెప్పలు చాలావరకు చిల్లులు పడి ఉన్నాయని బ్రతికి వచ్చినవాళ్ళు కొందరు పత్రికలవాళ్ళకు చెప్పారు. పోయినవాళ్ళలో చాలామంది నావికులు కారు. వెల్డర్లు, ఫిట్టర్లు, వంటవాళ్ళు. మీ అబ్బాయిలాంటి వాళ్ళే.

ఇది చదివి పెట్టె విప్పించకండి. అదే తుఫానులో మరి రెండు బార్జీలూ, ‘సాగర్ భూషణ్’ అనే తవ్వకపు ఓడా కొట్టుకుపోయాయి. వాటి మీదివాళ్ళు క్షేమంగా ఒడ్డు చేరారు. మన కాకినాడ ఎదుట సముద్రంలోనూ ఏళ్ళ తరబడి పని సాగుతోంది, వందల ఇళ్ళలో పొయ్యి దానిమీదే వెలుగుతోంది. వెళ్ళాలా వద్దా అన్నది కాదు, ఏ పడవ మీదికి, ఏ మాట తీసుకొని వెళుతున్నాడన్నది ముఖ్యం.

మా మేనల్లుడొకడు సరుకులు మోసే పనిపడవ మీద నాలుగేళ్ళు చేశాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా వాడి దగ్గర కూర్చొని కథలు వినడం నాకు అలవాటు. “మామయ్యా, వారం వారం ప్రమాద గంట కొట్టి అందరినీ డెక్కు మీదికి రమ్మంటారు. సరిగ్గా టీ వేళకు కొడతారు. కొత్తవాళ్ళు విసుక్కుంటారు. పాతవాళ్ళు విసుక్కోరు” అన్నాడు. ఉద్యోగంలో చేరేముందు వీళ్ళను ఈత కొలనులో ఒక డబ్బాలాంటి గదిలో కూర్చోబెట్టి, నీళ్ళలో ముంచి తలక్రిందులు చేస్తారట. హెలికాప్టరు నీళ్ళలో పడితే బయటపడడం ఎలాగో నేర్పడానికి. “తిరగబడ్డాక నేల పైన ఉంటుంది, కప్పు క్రింద ఉంటుంది. కుడి ఎడమలు తెలియవు. చేత్తో పట్టుకున్న చువ్వను వదలకూడదు, అదొక్కటే దారి చెబుతుంది” అని వాడు చెబుతుంటే మా అక్కయ్య మధ్యలోనే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మీ అబ్బాయిని కూర్చోబెట్టి అడగండి, నవ్వితే నవ్వనివ్వండి. ఆ బార్జికి సొంత ఇంజను ఉందా? లేకపోతే లాగే టగ్గు ఎప్పుడూ దగ్గరే ఉంటుందా? తుఫాను కబురు వచ్చినప్పుడు రేవుకు మళ్ళాలని చెప్పే అధికారం ఎవరిది, కెప్టెనుదా, కాంట్రాక్టరుదా? ఇది గట్టిగా అడగమనండి. పని ఒక్కరోజు ఆగితే లక్షల నష్టం. ఆ నష్టం ఎవరి జేబులోదో వాళ్ళే ఆపాలా వద్దా అని తేల్చేచోట జాగ్రత్తగా ఉండాలి. రబ్బరు తెప్పల మీద పరీక్ష చేసిన తేదీ అచ్చువేసి ఉంటుంది. ఎక్కిన రోజునే చదువుకోమనండి. ప్రాణరక్షణ శిక్షణ పూర్తిచేసిన పత్రం లేకుండా, “తరువాత చూద్దాంలే” అనే ఏజెంటు మాట నమ్మి ఎక్కవద్దనండి. భీమా కాగితం నకలు ఇంట్లో మీ దగ్గర ఉండాలి, ఏజెంటు దగ్గర కాదు.

పడక దగ్గర నుంచి డెక్కు దాకా ఎన్ని అడుగులో, ఎన్ని మెట్లో, తలుపు లోపలికి తెరుచుకుంటుందో బయటికో, మొదటి రాత్రే కళ్ళు మూసుకొని నడిచి చూసుకోమనండి. లైఫ్ జాకెట్టు పెట్టెలో కాదు, తలగడ ప్రక్కన ఉండాలి. నీళ్ళలో తడిసినా వెలిగే చిన్న టార్చి ఒకటి కొని పెట్టండి. ఆవకాయ జాడీ పెట్టెలో పట్టదంటాడు గాని, ఇది జేబులో పడుతుంది.