ఏడవని పాపకూ లోపల బెంగే!

జూన్‌లో బడులు తెరిచారంటే బ్రాడీపేట లైన్లూ అడ్డరోడ్లూ ఆటోలతో, స్కూటర్లతో కిక్కిరిసిపోతాయి. నర్సరీ గేటు దగ్గర ఏడుపులు సరేసరి. "పక్కింటి పాపను చూడు, ఎంత బుద్ధిగా వెళ్ళిందో!" అని ఏడ్చేవాణ్ణి కసురుకుంటాం. మరి ఆ పాప నిజంగా నిశ్చింతగా ఉందా?

ఉండకపోవచ్చు. కొత్త పిల్లల మధ్య పడ్డప్పుడు పసివాళ్ళ ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరగొచ్చు. ఉమ్మి పరీక్షలో అది తెలుస్తుంది. అమెరికాలో మేగన్ గన్నర్ బృందం 1997లో ఓ విశేషం చెప్పింది. తరగతి మొదలైన కొత్తల్లో కార్టిసాల్ పెరిగి, తర్వాత తగ్గినవాళ్ళు చలాకీ పిల్లలే, నలుగురితో కలిసేవాళ్ళే. రోజులు గడిచినా తగ్గనివాళ్ళు ఒంటరిగా, చిరాగ్గా ఉండే పిల్లలు. కాబట్టి మొదటివారం కంగారు చూసి భయపడక్కర్లేదు. నెల దాటినా మూల కూర్చునే ఉంటే మాత్రం పట్టించుకోవాలి.

కొందరికి బెరుకు స్వభావంలోనే ఉంటుంది. కొత్తవాళ్ళను చూసి బిగుసుకుపోయే పిల్లల్లో గుండె వేగం, కార్టిసాల్ ఎక్కువని హార్వర్డ్‌లో జెరోమ్ కాగన్ బృందం 1988లోనే రాసింది. అది మొండితనం కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు.

2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ఒకటో తరగతికి ముందు మూడేళ్ళ చదువు ఉంది. అంటే మూడేళ్ళకే గడప దాటాలి. చదువుల కోసం పల్లె నుంచి టౌనుకు కాపురం మార్చిన ఇళ్ళల్లో అమ్మమ్మ, తాతయ్య ఊళ్ళోనే ఉండిపోతారు. అపార్టుమెంటులో ఒక్కతే పెరిగిన పిల్లకు ముప్ఫైమంది పిల్లలంటే జాతరే!

మరేం చేయాలి? బెర్లిన్‌లో ఏడాదింబావు పిల్లలపై జరిగిన పరిశీలన 2004లో వెలువడింది. అమ్మ వదిలి వెళ్ళాక పిల్లల్లో కార్టిసాల్ బాగా పెరిగింది. అయితే ఎక్కువ రోజులు పక్కనుండి అలవాటు చేసిన తల్లులతో పిల్లల అనుబంధం గట్టిగా నిలిచింది.

మన దగ్గర మాత్రం తల్లిని గేటు దగ్గరే పంపించేసే బడులు చాలా ఉన్నాయి. అడ్మిషన్ అప్పుడు ఫీజెంత, వ్యానుందా అని అడుగుతాం కదా! "మొదటి నాలుగు రోజులు లోపల కూర్చోనిస్తారా? ఒక్కో టీచరుకు ఎంతమంది పిల్లలు?" అనీ అడగండి. ఉద్యోగానికి సెలవు దొరక్కపోతే అమ్మమ్మనో, నాయనమ్మనో, పిన్నినో కూర్చోబెట్టండి. బడి తెరవకముందే అదే తరగతిలో చేరే ఒకరిద్దరు పిల్లల్ని ఇంటికి పిలిచి ఆడుకోనివ్వండి. ముప్ఫై కొత్త ముఖాల్లో ఒక్కటి తెలిసినదైతే, పిల్లకు అదే కొండంత అండ.