నీళ్ళున్నాయా?

మొన్న ఆదివారం పొద్దున్నే మేడమీద ట్యాంకులో నీళ్ళెన్ని ఉన్నాయో చూద్దామని ఫోన్ తీశాను. ట్యాంకులో సెన్సార్ పెట్టి, దానికో యాప్ కూడా నేనే రాసుకున్నాలెండి! ఫోన్ తీయగానే వాట్సాప్‌లో పదిహేడు మెసేజులు. అవయ్యాక ఆఫీసు మెయిల్, దాంట్లో ఎవరిదో కోడ్ రివ్యూ. ఇరవై నిమిషాల తర్వాత ఫోన్ పక్కన పెడుతుంటే వంటింట్లోంచి మా ఆవిడ "ఇంతకీ నీళ్ళున్నాయా?" అంది. నేను ట్యాంకు చూడనేలేదు. ఈలోపు మా అమ్మ మెట్లెక్కి చూసొచ్చేసింది.

నాకు కావలసింది ఒక్క బిట్టు సమాచారం. ఉన్నాయా, లేవా? దానికోసం వెయ్యి తలుపులున్న ఇంట్లోకి దూరి దారి తప్పాను.

ఇది కొత్త బాధేమీ కాదు. జిరాక్స్ పార్క్‌లో పనిచేసిన మార్క్ వైజర్, జాన్ సీలీ బ్రౌన్ 1995లోనే దీనిగురించి రాశారు. వాళ్ళిచ్చిన ఉదాహరణ నాకు భలే ఇష్టం. నటాలీ జెరెమిజెంకో అనే కళాకారిణి అక్కడ సీలింగుకి చిన్న మోటారు బిగించి, ఎనిమిదడుగుల ప్లాస్టిక్ తాడు వేలాడదీసి, మోటారుని ఈథర్నెట్ కేబుల్‌కి కలిపింది. నెట్‌వర్క్ రద్దీగా ఉంటే తాడు గిరగిరా తిరుగుతుంది, ఖాళీగా ఉంటే అప్పుడప్పుడూ కదులుతుంది. పనిగట్టుకుని చూడక్కర్లేదు, కంటి చివర కనిపిస్తే చాలు.

2002లో యాంబియెంట్ డివైసెస్ అనే కంపెనీ ఓ గాజు బంతి అమ్మింది. స్టాక్ మార్కెట్ పెరిగితే ఆకుపచ్చ, పడితే ఎరుపు. అదే బంతిని సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్‌లో పనిచేసే ఒకాయన కరెంటు వాడకానికి వాడాడు. గ్రిడ్ మీద భారం పెరిగితే బంతి ఎర్రబడుతుంది. వాడినవాళ్ళు కొన్ని వారాల్లోనే పీక్ వాడకం 40 శాతం తగ్గించారని 2007లో వైర్డ్ పత్రికలో వచ్చింది. కరెంటు బిల్లులోనూ అంకెలుంటాయి, కానీ అవి నెలాఖరున కనిపిస్తాయి. బంతి గీజర్ వేసే ముందే కనిపిస్తుంది. తేడా అంతా అక్కడే.

అయితే ప్రతి బల్బూ మంచిది కాదు. 2004లో మైక్ క్లార్క్ తన పుస్తకంలో బిల్డ్ పాసైతే ఆకుపచ్చ లావా ల్యాంపు, ఫెయిలైతే ఎర్రది వెలిగించమన్నాడు. ల్యాంపులో మైనం కరిగి బుడగలు రావడానికి కొంత టైము పడుతుంది. ఆలోపు సరిచేసుకుంటే పరువు దక్కినట్టే! నేను గతంలో పనిచేసిన ఓ ఆఫీసులో ఇది చూసి ఎర్ర బల్బు పెట్టారు. నెలరోజులు సరదాగానే గడిచింది. తర్వాత అది వెలగ్గానే మేనేజరుగారు "ఎవరది?" అని లేచి రావడం మొదలెట్టారు. జనం ఏం చేశారు? ఫెయిలయ్యే టెస్టులు తీసేశారు. బల్బు ఎప్పుడూ ఆకుపచ్చే, కోడ్ మాత్రం కుళ్ళిపోయింది. పని ఎలా ఉందో చెప్పాల్సిన దీపం మనిషిని వేలెత్తి చూపించడం మొదలెడితే ఇక అబద్ధమే చెబుతుంది.

ఇంకో చిక్కుంది. 2005లో ఫ్రాన్సు నుంచి నబాజ్‌తాగ్ అనే కుందేలు బొమ్మ వచ్చింది. చెవులు కదిలించి, లైట్లు వెలిగించి వాతావరణం, మెయిల్ కబుర్లు చెప్పేది. 2011లో సర్వర్లు ఆపేయగానే కుందేళ్ళన్నీ మూగబోయాయి. డబ్బు పెట్టి కొన్న వస్తువు ప్రాణం ఎవరో చేతిలో ఉండటమంటే ఇదే.

అందుకే నా మట్టుకు నాకు మూడు నియమాలు. ఒక దీపానికి ఒకే ప్రశ్న. ఎవరి సర్వరు మీదా ఆధారపడకూడదు. ఎవర్నీ నిందించకూడదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళూ ఉంటారు కాబట్టి, వీలైతే రంగులకంటే వెలగడం, ఆరడం మేలు.

ఆ ఆదివారం సాయంత్రమే ఓ ఈఎస్‌పీ8266 బోర్డు, ఒక ఎల్‌ఈడీ తీసి వంటింటి గుమ్మం పైన బిగించాను. ట్యాంకులో నీళ్ళు పావు వంతుకి దిగితే వెలుగుతుంది, లేకపోతే లేదు. ఇంట్లో వైఫై చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు.

నా యాప్ మా అమ్మకి ఏడాదైనా అలవాటు కాలేదు. నేర్పించి నేర్పించి విసుక్కున్నాను కూడా, తప్పు ఆవిడదేనన్నట్టు. బల్బు గురించి ఒక్కసారే చెప్పాను. మర్నాడు నేను నిద్ర లేచేసరికి మోటారు వేసి ఉంది.