శాతాలు కాదు, అతుకులు అడగండి

ఈసారి కొంచెం పొడుగుగానే రాస్తున్నాం. ఓపికగా చదవండి. నచ్చకపోతే కింద తిట్టండి, పడతాం.

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చినప్పటినుంచి హోసూరు, బాగలూరు, సూళగిరి, క్రిష్ణగిరి, ఎక్కడ చూసినా మిద్దెల మీదికి సోలార్ ఎక్కుతోంది. 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3, ఆపైన 78 వేలు సబ్సిడీ. మంచి పనే. మేము సోలార్‌కు ఎదురు కాదు. మన సంఘం మిద్దె మీద కూడా పెట్టాలని మాట నడుస్తోంది. అది సభ్యులు ఇచ్చిన చందా దుడ్డు. అందుకే చెప్పాల్సింది ముందే చెప్పేస్తున్నాం.

అమ్మేవాళ్ళు వచ్చి చెప్పేది ఒకే మాట. "పక్కవాడిది 20 శాతం ఎఫిషియెన్సీ, మాది 22 శాతం." వెంటనే మనవాళ్ళు ఆ రెండు శాతానికి జేబులో చెయ్యి పెడుతున్నారు. ఆ రెండు శాతం అంటే ఏమో లెక్క వేద్దాం రండి.

3 కిలోవాట్ల ప్యానెళ్ళు 20 శాతమైనా, 22 శాతమైనా 3 కిలోవాట్లే. శాతం పెరిగితే తగ్గేది జాగా. 20 శాతానికి 15 చదరపు మీటర్లు కావాలి, 22 శాతానికి దాదాపు 13.6. తేడా ఒక మంచం పట్టేంత జాగా కూడా కాదు. హోసూరు టౌనులో ఇరవై ముప్పై సైటులో ఇల్లు కట్టుకున్నవాళ్ళకు ఆ జాగా అవసరమే, కాదనం. పల్లెలో అంత పెద్ద మిద్దె ఖాళీగా పెట్టుకొని ఆ మంచమంత జాగాకు ఎక్కువ దుడ్డు ఎందుకు?

పైగా ఆ శాతం 25 డిగ్రీల దగ్గర కొలిచింది. ఏప్రిల్ నెలలో క్రిష్ణగిరి మిద్దె మీద ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది. ఒక్కో డిగ్రీకి మూడో వంతు శాతం చొప్పున, రకాన్నిబట్టి కొంచెం అటూ ఇటూగా, వాట్లు పడిపోతాయి. అంటే వందలో పది పన్నెండు అక్కడే పోయె. ఈ మాట అమ్మేవాడు చెప్పడు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ప్యానెల్ అంటే ఒక్క పలక కాదు. పల్చటి సిలికాన్ సెల్లులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి, తగరం పూసిన రాగి పట్టీలతో అతికిన వరస. ఒక్కో సెల్లు ఇచ్చేది అర వోల్టు చిల్లర. అన్నీ వరసగా కలిస్తేనే పనికొచ్చే వోల్టేజి. వరసలో ఒక సెల్లు అతుకులన్నీ ఊడితే ఆ వరసంతా ఆగిపోతుంది. అప్పుడు ప్యానెల్ వెనక నల్ల డబ్బాలో ఉండే డయోడ్ ఆ వరసను తప్పించి కరెంటును పక్కదారి పట్టిస్తుంది. మామూలుగా మూడు డయోడ్లు ఉంటాయి కాబట్టి ఆ ఒక్క చోటుతో ప్యానెల్‌లో మూడో వంతు పోయినట్టే. ఆ డయోడ్ కూడా చెడిపోయి ఉంటే చెడిన చోట వేడి పుట్టి సెల్లు, వెనక షీటు మాడిపోతాయి. రెండు శాతం కోసం బేరమాడిన మనం ముప్పై మూడు శాతం పోతే కనిపెట్టను కూడా కనిపెట్టం.

అతుకు ఎందుకు ఊడుతుంది? వేడికి రాగి, సిలికాన్ కన్నా ఆరు రెట్లకు పైగా సాగుతుంది. పగలు సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది. 25 ఏళ్ళలో ఇది 9 వేల సార్లు దాటుతుంది. మేము ఇంజనీర్లం కాదు, రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళం. కానీ రైల్వేలో ఉన్న ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. పట్టాల మధ్య సందు వదిలి ఫిష్‌ప్లేటు వేసింది ఎండకు ఇనుము సాగుతుందనే. కీమ్యాన్ రోజూ సుత్తి పట్టుకొని నడిచేది ఆ అతుకులూ బిగింపులూ చూడటానికే. మన మిద్దె మీద ఆ కీమ్యాన్ ఎవరు?

తయారుచేసేవాళ్ళకు ఈ సంగతి తెలియక కాదు. అందుకే సెల్లును సగానికి కోసి హాఫ్‌కట్ చేశారు. కరెంటు సగమైతే పట్టీలో వేడిగా పోయే నష్టం నాలుగో వంతుకు దిగుతుంది. రెండు మూడు వెడల్పు పట్టీలకు బదులు తొమ్మిది, పది, పదహారు సన్న తీగలు వేశారు. సెల్లు ఒకచోట బీటలు వారినా కరెంటు ఇంకో తీగ పట్టుకొని పోతుంది. చూడండి, ఎఫిషియెన్సీ పెరగడానికి అతుకు బాగుపడటం కూడా ఒక కారణమే! అయితే తీగలు ఎక్కువైతే అతికే చోట్లూ ఎక్కువే. పని శుద్ధంగా లేకపోతే పైన పటారం, లోన లొటారం.

ఐఐటీ బాంబే, జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి దేశమంతా తిరిగి ప్యానెళ్ళను పరీక్ష చేశాయి. తేలింది ఏమంటే, వేడి ప్రాంతాల్లో ప్యానెళ్ళు తొందరగా నీరసిస్తున్నాయి, పెద్ద ప్లాంట్లకన్నా మిద్దెల మీది చిన్నవాటి పరిస్థితి అధ్వాన్నం. ఇందులో ఆశ్చర్యం లేదు. మన తెలుగువాళ్ళు చాలామంది ఉండే పావగడలో 2,050 మెగావాట్ల పార్కు ఉంది. అలాంటి చోట చూసుకోవడానికి ఇంజనీర్లు ఉంటారు. మన మిద్దెలకు ఫిట్టింగ్ చేసేవాడు ప్యానెల్ మీద కాళ్ళు పెట్టి నడుస్తాడు, బీట కంటికి కనబడదు, సబ్సిడీ పడగానే అందరూ మరిచిపోతారు.

"25 ఏళ్ళ వారంటీ ఉంది కదా" అనేవాళ్ళకు ఒక మాట. వారంటీలు రెండు. 25 ఏళ్ళది వాట్లు ఇంతకన్నా తగ్గవనే మాటకు. తయారీ లోపాలకు ఇచ్చేది చాలావాటికి 10, 12 ఏళ్ళే. వాట్లు తగ్గాయని నిరూపించాలంటే ల్యాబులో కొలిపించాలి. ఆ కాగితమంతా ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. మేము చదివింది తమిళ మీడియం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. మనలో ఎంతమంది ఆ కాగితం పూర్తిగా చదివి సంతకం పెట్టారు? చెయ్యెత్తండి చూద్దాం.

కాబట్టి సంఘం పనికి వచ్చే ప్రతి కాంట్రాక్టరునూ ఈ అయిదూ అడగాలి:

1. ప్యానెల్ హాఫ్‌కట్ రకమా? సెల్లుకు తీగలు ఎన్ని?

2. ఐఈసీ 61215 పరీక్షలో మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా 200 సార్లు వేడి, చలి పెడతారు. ఆ రిపోర్టు ఏది? 600 సార్లు పెట్టించే కంపెనీలూ ఉన్నాయి, మీదా?

3. చీకట్లో సెల్లులకు కరెంటు ఎక్కించి తీసే ఈఎల్ ఫోటో ఉందా? లోపలి బీటలు అందులో నల్లగా కనబడతాయి.

4. ప్యానెళ్ళను కలిపే కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవా? సరైన క్రింపింగ్ టూలుతో నొక్కుతారా, కటింగ్ ప్లేయరుతోనా? అక్కడ ఉండేది డీసీ. వదులైతే నిప్పురవ్వ పుడుతుంది, ఏసీ మాదిరి తొందరగా ఆరదు. ఇల్లు కాలేది ఇక్కడే.

5. పథకం కింద అయిదేళ్ళ మెయింటెనెన్స్ ఇవ్వాలి. ఏడాదికి ఒకసారి థర్మల్ కెమెరాతో వేడెక్కిన చోట్లు చూసి, బిగింపులు సరిచేస్తామని తెలుగులోనో తమిళంలోనో రాసిస్తారా?

"ఇవన్నీ అడిగితే ఎవడూ రాడు" అని కొందరంటారు. రానివాడు రాకపోనీ. సిప్‌కాట్ ఫ్యాక్టరీల్లో సోల్డరింగ్, వెల్డింగ్ చేసే పిల్లకాయలు మన ఇళ్ళలోనే ఉన్నారు. మంచి అతుకేదో, చెడ్డ అతుకేదో వాళ్ళకు తెలుసు. అలాంటివాళ్ళను ముగ్గురిని కమిటీగా వేసి, కొటేషన్లు వాళ్ళ చేతికివ్వండి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము పెట్టే తీర్మానం ఇదే: ఈ అయిదింటికీ రాతపూర్వకంగా జవాబు ఇవ్వనివాడికి సంఘం దుడ్డు ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకూడదు. ఒప్పుకునేవాళ్ళు కింద పేరు రాయండి. ఒప్పుకోనివాళ్ళు కారణం రాయండి.