41 ఎక్కడ?

గణితమంటే జవాబులు గైడు చివరి పేజీల్లో దొరికే విద్య అని మనలో చాలామంది నమ్మకం. నేనొప్పుకోను.

మిత్రులారా, 2తో మొదలుపెట్టండి. అంతవరకు వచ్చిన సంఖ్యలన్నీ గుణించి 1 కలపండి. ఆ మొత్తాన్ని భాగించే ప్రధాన సంఖ్యల్లో మిక్కిలి చిన్నదాన్ని వరుసలో చేర్చండి. 2, 3, 7, 43 వస్తాయి. తర్వాత 1807 అంటే 13×139, కాబట్టి 13. ఆపైన 53. ఇంత చిన్న 5కు ఏడో చోటు! 31 అయితే యాభయ్యోది. మొదటి 51 సంఖ్యల్లో 41 జాడే లేదు. ప్రధాన సంఖ్యలన్నీ ఎప్పటికైనా వస్తాయా అని 1963లో ఆల్బర్ట్ ముల్లిన్ అడిగాడు. ఈనాటికీ ఎవరూ తేల్చలేదు. కూడిక, గుణకారం, భాగహారం వచ్చినవాడికెవడికైనా అర్థమయ్యే ప్రశ్న ఇది!

వేసిన గింజల్లో ఏది ముందు మొలుస్తుందో మా నాన్న చెప్పలేడు. మొలక రాని చోట మాత్రం మట్టి తవ్వి చూస్తాడు. మన క్లాసుల్లో ఆ తవ్వడమే లేదు. మార్కులు లేకపోయినా సరే, ఏడాదికొక్క తేలని ప్రశ్నయినా లెక్చరర్లు బోర్డు మీద రాయాలి. లేకపోతే డిగ్రీ చేతికొస్తుంది గాని, ప్రశ్న అడగడం రాదు.