సాక్షిని పరీక్షింపవలదా?

న్యాయస్థానమున సాక్షి చెప్పు మాటకంటె ముందు సాక్షి యెట్టివాడో విచారింతురు. పరిశోధనాలయములలో డెంగీ వైరసును గూర్చి సాక్ష్యమిచ్చు ప్రతిరక్షకముల విషయమునను అట్టి విచారణ యవశ్యకమని మా యభిప్రాయము.

యాంటీబాడీ యనబడు ప్రతిరక్షకము, శరీరమున ప్రవేశించిన పరపదార్థమును గుర్తించి పట్టుకొను మాంసకృత్తు. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అను శాస్త్రజ్ఞులు చిట్టెలుక యొక్క ప్రతిరక్షక కణమును, అంతములేక పెరుగు రాచపుండు కణముతో జతపఱచి, ఒకే విధమగు ప్రతిరక్షకమును కావలసినంత యిచ్చు కణసంతతిని సృష్టించిరి. ఇందులకై వారికి 1984లో నోబెల్ బహుమానము లభించెను. ఆ పద్ధతికి పేటెంటు తీయబడకుండుటచే నది లోకమున కంతకును దక్కినది.

అట్లు పుట్టినదే 4జీ2 అను ప్రతిరక్షకము. డెంగీ వైరసు పైపొరయందలి 'ఈ' మాంసకృత్తును ఇది పట్టుకొనును. కాని యది పట్టుకొను భాగము జపానీ మెదడువాపు, వెస్ట్ నైల్, జికా వైరసులయందును ఇంచుమించుగా నట్లే యున్నది. ఇంటిపేరు చెప్పగలిగియు మనిషి పేరు చెప్పజాలని సాక్షి యిది. డెంగీలోనే నాలుగు రకములు గలవు. ఒక రకము సోకి కోలుకొన్నవానికి మఱియొకటి సోకినచో వ్యాధి తీవ్రమగు నవకాశము హెచ్చు. కావున రకము తెలియుట కేవల పాండిత్యముకొఱకు కాదు. రెండవ రకమును గుర్తించు 3హెచ్5 వంటి ప్రత్యేక ప్రతిరక్షకములును లేకపోలేదు.

4జీ2 చాలునని కొందఱందురు. పెంచిన వైరసేదో ముందే యెఱిగినచోట చాలును. దోమలనుండియు రోగుల రక్తమునుండియు తెచ్చిన నమూనాలకు మాత్రము చాలదు. డెంగీయు మెదడువాపు జ్వరమును రెండును గల మన దేశమున నీ భేదము మఱవరానిది.

ప్రతిరక్షకములను వాని నిర్మాణక్రమముచే నిర్వచింపవలెనని 2015లో నూర్గురికి పైగా శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికయందు కోరిరి. ఆ కోరిక న్యాయమైనది. ప్రజాధనముతో జరుగు ప్రతి పరిశోధనయు తాను వాడిన ప్రతిరక్షకమేదో, దానిని ఏయే వైరసులపై పరీక్షించినదో ప్రకటింపవలయును. వాని నిర్మాణక్రమము విద్యార్థులకెల్ల నందుబాటులో నుండవలయును. పుణె జాతీయ వైరస్ సంస్థ డెంగీ పరీక్షాసామగ్రిని స్వయముగ తయారుచేసి యాసుపత్రులకు పంపుచున్నది. కావున మనకు శక్తి లేదనుట చెల్లదు. వలసినది శ్రద్ధ. సాక్షి తప్పుచెప్పిన, తీర్పును తప్పును. ఆ తప్పునకు మూల్యము చెల్లించువాడు రోగి.